నీకెన్నేళ్ళు బాబూ? అని అడగాల్సింది కొట్టోడేనంట, సరే ఎలా అడగాలో చూద్దాం

మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న కిరాణా కొట్టు, ముందర టీ బల్ల కూడా ఉంది, సాయంత్రం ఆరున్నరకి కాలేజీలు, కోచింగ్‌లు వదిలారంటే చాలు సందు మొత్తం పిల్లలే. ఆ గుంపులో ఎవడికి పదహారో ఎవడికి పంతొమ్మిదో కనిపెట్టడం ఆ బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు, ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్ వాడికి కూడా గడ్డమే కదా. చట్టం మాత్రం ఆ కనిపెట్టే పని మన నెత్తిన పెట్టింది. మైనరు సిగరెట్ కొంటే కొన్నోణ్ణి ఏమీ అనదు, అమ్మినోణ్ణి అడుగుద్ది. పన్లోకి వచ్చినోణ్ణి ఏమీ అనదు, పెట్టుకున్నోణ్ణి అడుగుద్ది. ఇది న్యాయమా కాదా అన్నదాని మీద నాకు ఒక అభిప్రాయం ఉంది, మధ్యలో చెప్తా, ముందు నాలాంటి చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళు ఇరుక్కోకుండా ఏం చెయ్యాలో రాస్తా, ఎందుకంటే నేను ఒకసారి ఇరుక్కున్నా.

ఎలా ఇరుక్కున్నానంటే, సామాను అందించడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నా. తెలిసినాయనే తీసుకొచ్చాడు, పద్దెనిమిది దాటాయన్నాడు, ఆధార్ జిరాక్సు ఇచ్చాడు, దాంట్లో లెక్కేస్తే పంతొమ్మిది వచ్చింది, ఇంక నేనేం చూళ్ళేదు. ఓ రోజు రాత్రి ఎనిమిదిన్నరకి తనిఖీకి వచ్చారు, వాణ్ణి పక్కకి పిలిచి ఏ స్కూల్లో చదివావు, ఎప్పుడు మానేశావు అని అడిగారు, రెండ్రోజుల్లో స్కూలు రికార్డు బయటికొచ్చింది, చూస్తే వాడికి పదహారు కూడా నిండలేదు. నేను ఆధార్ చూపిస్తే వచ్చినాయన చిన్నగా నవ్వి, ఇది నువ్వు ఎవరో చెప్తుంది గానీ ఎప్పుడు పుట్టావో తేల్చదయ్యా అన్నాడు. ఆ రోజు ఆ మాట నాకు పొగరుగా అనిపించింది, తర్వాత తెలిసింది ఆయన చెప్పింది కరెక్టేనని.

అందుకని మొదటి సంగతి కాగితాలది, ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని ఆధార్ ఇచ్చే సంస్థే 2018లో చెప్పింది, 2024 జనవరిలో పీఎఫ్ వాళ్ళు పుట్టిన తేదీ రుజువుల లిస్టులోంచి దాన్ని తీసేశారు, అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం పరిహారం కేసులో చనిపోయిన మనిషి వయసు ఆధార్ ప్రకారం 47 కాదు, స్కూలు సర్టిఫికెట్ ప్రకారం 45 అని తేల్చింది. మనూళ్ళలో చాలామంది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటది, గమనించారా? ఊళ్ళో సగం మంది ఒకే రోజు పుట్టలేదు కదా, నమోదప్పుడు సంవత్సరం మాత్రమే చెప్తే అలా పడింది. జనవరి 1 కనపడిందంటే మీరు ఇంకో కాగితం అడగాల్సిందే, అది నేను పెట్టుకున్న రూలు.

మరి ఏ కాగితం చూడాలి అంటే, పిల్లల వయసు తేల్చాల్సి వచ్చినప్పుడు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఒక వరస చెప్పింది, ముందు స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో, అది లేకపోతే మున్సిపాలిటీ, కార్పొరేషన్, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఎముకల పరీక్షలో రెండేళ్ళు అటూ ఇటూ తేడా రావచ్చు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మన పదో తరగతి మెమో మీద పుట్టిన తేదీ ఉంటది, అందుకే పన్లో పెట్టుకునేటప్పుడు నేను అదే అడుగుతా. పది దాకా చదవనోడైతే స్కూల్ నుంచి టీసీ గానీ స్టడీ సర్టిఫికెట్ గానీ తెమ్మంటా, ఆ స్కూలుకి పోయి తెచ్చుకోవడానికి వాడికి ఒక రోజు పట్టుద్ది, ఆ ఒక్క రోజు ఆగండి. అర్జెంటు అని ఆగకపోతే నాలాగే అవుద్ది.

ఇంక పన్లో పెట్టుకునే రూల్సు. 14 నిండనోణ్ణి ఏ కొట్లోనూ ఏ షెడ్లోనూ పెట్టుకోకూడదు, 1986 బాల కార్మిక చట్టాన్ని 2016లో మార్చాక ఇది పూర్తిగా ఖాయం. స్కూలు వదిలాక గానీ సెలవుల్లో గానీ సొంత ఇంటి వ్యాపారంలో సాయం చెయ్యడానికి ఒక మినహాయింపు ఉంది, అదీ ప్రమాదం లేని పనైతేనే, దాన్ని అడ్డం పెట్టుకుని పక్కింటి పిల్లాణ్ణి మా అన్న కొడుకు అని చెప్పేవాళ్ళని చూశా, స్కూలు రికార్డులో తండ్రి పేరు ఉంటది బాబూ, దొరికిపోతారు. 14 నుంచి 18 లోపు వాళ్ళని గనుల్లో, టపాసులు, మండే సరుకులు ఉన్న చోట, ఫ్యాక్టరీ చట్టం ప్రమాదకరం అన్న పనుల్లో పెట్టకూడదు. పెడితే ఆర్నెల్ల నుంచి రెండేళ్ళ దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, రెండూ పడొచ్చు కూడా. విజయవాడ ఆటోనగర్‌లో మా బావమరిదికి షెడ్డు ఉంది, గ్యాస్ వెల్డింగ్, స్ప్రే పెయింటింగ్ ఉన్న చోట 18 నిండనోడు గుమ్మం లోపలికి రాకూడదని ఆయనకి చెప్పా, ఏ లిస్టులో ఉందో లేదో వాదించుకునే కన్నా అదే సుఖం.

చాలామందికి తెలియంది ఏంటంటే, 14 నుంచి 18 లోపు వాణ్ణి మామూలు కొట్లో పెట్టుకోవచ్చు గానీ దానికి గంటల లెక్క ఉంది. మూడు గంటలు పని చేయించాక గంట విరామం ఇవ్వాలి, విరామంతో కలిపి రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా అసలు పని చెప్పకూడదు, ఓవర్‌టైం లేదు, వాడి పేరు, పుట్టిన తేదీ, పని వేళలు రాసిన రిజిస్టరు ఉండాలి. నేను దొరికింది ఇక్కడే, పిల్లాడు మైనరైనందుకు కాదు, మైనరుతో రాత్రి ఎనిమిదిన్నరకి పని చేయిస్తున్నందుకు, రిజిస్టరు లేనందుకు. ఇలాంటి ఉల్లంఘనకి నెల దాకా జైలు గానీ పది వేల దాకా జరిమానా గానీ. నాకు జరిమానాతో పోయింది, వాడికి మాత్రం ఆ నెల జీతం పోయింది, వాళ్ళమ్మ వచ్చి మా గుమ్మంలో కూర్చుంది, అది జరిమానా కన్నా ఎక్కువ గుర్తుంది నాకు.

సరే, సిగరెట్ల దగ్గరికొద్దాం, కిరాణా కొట్టోళ్ళకి అసలు గండం ఇదే. 2003 పొగాకు చట్టం ప్రకారం 18 లోపు వాళ్ళకి అమ్మకూడదు, స్కూలు గానీ కాలేజీ గానీ ఉంటే దానికి 100 గజాల లోపల అసలు ఎవరికీ అమ్మకూడదు. ఆ వంద గజాలు సందులు తిరిగి కొలిచేది కాదు, కాలేజీ ప్రహరీ గోడ నుంచి నేరుగా చుట్టూతా. నేను టేపు పట్టుకుని కొలిస్తే మా కొట్టుకి 130 వచ్చింది, బతికిపోయా, మా ఎదుర్లైనాయనకి 80 వచ్చింది, ఆయన సిగరెట్లు మానేసి జ్యూస్ మిషను పెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే బ్రాడీపేట, అరండల్‌పేటల్లో, అటు బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల వంద గజాల్లో కాలేజీ లేని చోటు వెతుక్కోవడమే ఒక పని. కొట్లో ఒక బోర్డు కూడా ఉండాలి, కనీసం 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 ఎత్తు, 18 ఏళ్ళ లోపు వారికి పొగాకు ఉత్పత్తులు అమ్మడం నేరం అని తెలుగులో. ఫ్లెక్సీ షాపులో వందా రెండొందల్లో అయిపోద్ది. 18 లోపు కుర్రాడు కొట్లో ఉంటే వాడి చేత సిగరెట్ పెట్టె అందించకూడదు, అది కూడా రూల్లోనే ఉంది.

దీంట్లో తమాషా చూడండి. పొగాకు చట్టంలో మైనరుకి అమ్మితే జరిమానా 200 రూపాయల దాకానే, అందుకే మనోళ్ళు రెండొందలే కదా పారేద్దాం అంటారు. కానీ అదే సిగరెట్టుని జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద చూస్తే, పిల్లలకి మందు, పొగాకు ఇచ్చినోడికి ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. ఒకటే సిగరెట్టు, ఒకటే పిల్లాడు, ఏ సెక్షన్ రాస్తారనేది వచ్చినాయన కలం మీద ఉంటది. ఈ-సిగరెట్లకైతే వయసుతో పన్లేదు, 2019 నుంచి ఎవరికైనా సరే అమ్మడమే నేరం.

పొగాకు రూల్సు ఏమంటాయంటే కొనేవాడు మైనరు కాదని చూసుకునే బాధ్యత అమ్మేవాడిదే, అనుమానం వస్తే వయసు రుజువు అడగొచ్చు. అడగొచ్చు అని రాశారు గానీ అడిగేది ఎలా? పది రూపాయల సరుక్కి టెన్త్ మెమో చూపించమంటే నవ్వరూ? నేను చేసేది చెప్తా. మొహం చూసి పాతిక లోపు అనిపించిన ప్రతోణ్ణీ అడుగుతా, పద్దెనిమిదికి కాదు పాతికకి, ఎందుకంటే నా కన్ను అయిదారేళ్ళు తప్పుద్దని నాకు తెలుసు. పుట్టిన సంవత్సరం ఎంత అని అడుగుతా, వయసెంత అని అడగను, వయసైతే ఠక్కున పందొమ్మిది అంటాడు, సంవత్సరం అడిగితే లోపల లెక్కేసుకుంటూ నీళ్ళు నములుతాడు, అక్కడే తెలిసిపోద్ది. కౌంటరు పక్కన క్యాలెండర్ మీద ఇవాళ్టి తేదీలోంచి 18 ఏళ్ళు తీసేసి ఆ తేదీ పెద్దగా రాసి పెట్టుకున్నా, దాని తర్వాత పుట్టినోడికి లేదు, అంతే, రద్దీలో లెక్కలు వేసుకోనక్కర్లేదు. ఫోన్లో డిజీలాకర్ తెరిచి లైసెన్స్ గానీ టెన్త్ మెమో గానీ చూపిస్తే చాలు, స్క్రీన్‌షాట్ ఒప్పుకోను, యాప్ నా ముందే తెరవాలి. ఇక్కడ ఆధార్ చూపించినా తీసుకుంటా, కానీ ఆ కార్డు మీద క్యూఆర్ ఉంటది చూశారా, ఆధార్ వాళ్ళ స్కానర్ యాప్‌తో కొడితే పేరు, ఫోటో, పుట్టిన తేదీ వస్తాయి, కార్డు మీద సంవత్సరం దిద్దినా క్యూఆర్‌లో దిద్దలేరు. అది కోర్టులో వయసుకి రుజువు కాకపోవచ్చు, నేను కళ్ళు మూసుకుని అమ్మలేదు అనడానికి మాత్రం పనికొచ్చుద్ది.

నాన్న తెమ్మన్నాడు బాబాయ్ అని ఏడో క్లాసు పిల్లాడు వస్తాడు, రోజూ వచ్చేదే ఇది. వాళ్ళ నాన్న నాకు బాగా తెలిసినోడే, పాతికేళ్ళ ఖాతా. అయినా ఇవ్వను, నాన్నని రమ్మను నాన్నా అని చాక్లెట్ ఇచ్చి పంపిస్తా. ఇద్దరు అలిగి పక్క కొట్టుకి పోయారు, పోనీ. నాన్న పంపాడు అన్నది ఏ చట్టంలోనూ మినహాయింపు కాదు, పిల్లాడి చేతికి పెట్టింది నేనే అవుతా.

ఇప్పుడు నా అభిప్రాయం. బాధ్యత వ్యాపారం మీద పెట్టడం తప్పు అని నేను అనను. లాభం నాది, సరుకు నా చేతిలో ఉంది, మనిషి నా ఎదురుగా నిలబడ్డాడు, నేను అడక్కపోతే ఎవరు అడుగుతారు? కానీ అడిగే బాధ్యత వేరు, నిజం తేల్చే బాధ్యత వేరు. అడగడం నా పని, నిజం తేల్చడం సర్కారు పని, వాళ్ళ దగ్గర రికార్డులు ఉన్నాయి, నా దగ్గర తక్కెడ ఉంది. మా తోడల్లుడి కొడుకు టెక్సాస్‌లో పెట్రోల్ బంకు చూస్తాడు, అక్కడ 1986లో చట్టం వచ్చినప్పటి నుంచి పన్లో చేరే ప్రతి మనిషికీ అక్కడ పని చేసే హక్కు ఉందో లేదో యజమానే చూడాలంట, దానికి ఐ-9 అని ఒక ఫారం. తేడా ఏంటంటే ఏ ఏ కాగితాలు చూడొచ్చో లిస్టు అచ్చేసి ఇచ్చారు, లిస్టులోంచి ఏది చూపించాలనేది చేరేవాడి ఇష్టం, యజమాని ఇదే కావాలని పట్టుపట్టకూడదు, చూడ్డానికి అసలుదిలా ఉంటే ఒప్పుకోవాలి, చేరిన మూడు పని దినాల్లో ఆ పని పూర్తవ్వాలి, ఆ ఫారం ఇన్నేళ్ళు దాచాలి అని కూడా ఉంది. అంటే నువ్వు ఇది చేస్తే నీ పని అయిపోయినట్టు అని ఒక గీత గీశారు. మనకి గీత లేదు, అందరి జేబులో ఉండే ఒకే ఒక్క కార్డు ఆధార్, అదేమో వయసుకి రుజువు కాదంటారు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 లోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు లేవు, అక్కడా బాధ్యత కంపెనీలదే, పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ శిక్ష లేదు, కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా. అంత డబ్బు, అన్ని కంప్యూటర్లు ఉన్నోళ్ళే వయసు కనిపెట్టలేక కిందా మీదా పడుతుంటే టీ బల్ల దగ్గర నా సంగతేంటి చెప్పండి.

ఇంకో బాధ కూడా ఉంది. భయం ఎక్కువైతే మనం ఏం చేస్తాం? ఎందుకొచ్చిన గొడవ అని ఇరవై దాటినోణ్ణే పెట్టుకుంటాం. అప్పుడు నిజంగా పద్దెనిమిది నిండి, కాగితం సరిగ్గా లేని పేదోడి పని పోద్ది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినోళ్ళకి జనన ధ్రువపత్రమే అసలు రుజువు అని చట్టం మార్చారు, మంచిదే, వాళ్ళు పన్లోకి వచ్చేసరికి ఈ గొడవ తగ్గుద్దేమో, అప్పటిదాకా మన తిప్పలు మనవే.

వేరే వ్యాపారాలోళ్ళకి గబగబా చెప్పేస్తా. వైన్ షాపు, బార్ అయితే మన రాష్ట్రంలో 18 కాదు 21, ఇది కొత్తగా కౌంటర్లో కూర్చునే కుర్రాళ్ళకి తెలియదు, మొదటి రోజే చెప్పండి. సినిమా హాలోళ్ళు ఎ సర్టిఫికెట్ సినిమాకి 18 లోపు వాళ్ళని వదిలితే వాళ్ళదే తప్పు, యూఏ 13, యూఏ 16 అని ఇప్పుడు వస్తున్నవి తల్లిదండ్రులకి సూచన మాత్రమే, గేటు దగ్గర ఆపక్కర్లేదు. బైకులు అద్దెకిచ్చేవాళ్ళు, మెకానిక్కులు, ఊరికే బండి ఇచ్చేసే మావయ్యలు కూడా జాగ్రత్త, మైనరు నడిపి ఏదైనా నేరం జరిగితే 2019 సవరణ ప్రకారం బండి ఓనరుకి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, పైగా నీకు తెలిసే ఇచ్చావని కోర్టు ముందే అనుకుంటుంది, నాకు తెలీదు లేదా నేను చెయ్యాల్సిన జాగ్రత్త చేశాను అని నువ్వే చూపించుకోవాలి. లైసెన్స్ చూడకుండా తాళం ఇవ్వొద్దు, అంతే.

లాడ్జి, హాస్టల్, అద్దె ఇల్లు ఉన్నోళ్ళకి వయసు కన్నా స్టేటస్ గొడవ ఎక్కువ, అంటే దిగినోడు ఏ దేశపోడు, వీసా ఉందా లేదా అన్నది. వడ్డేశ్వరం, నంబూరు వైపు యూనివర్సిటీల్లో విదేశీ పిల్లలు చదువుతారు, బయట రూములు తీసుకుంటారు. విదేశీయుడు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో తెలియజెయ్యాలి, మనోళ్ళు ఫారం సి అంటారు దాన్ని, లాడ్జికే కాదు ఇంట్లో గది ఇచ్చినా ఇవ్వాలి, 2025 సెప్టెంబరు 1 నుంచి విదేశీయుల కొత్త చట్టం అమల్లోకి వచ్చాక కాలేజీలు, ఆస్పత్రుల మీద కూడా వాళ్ళవంతు బాధ్యత ఉంది. పాస్‌పోర్టుతో పాటు వీసా గడువు తేదీ కూడా చూసి రాసుకోండి, చాలామంది పాస్‌పోర్టు మొదటి పేజీతో ఆపేస్తారు.

ఫంక్షన్ హాలు సంగతి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. మా బావ కొత్తపేటలో ఒక హాలుకి మేనేజరు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి, నిండకుండా పెళ్ళి జరిపించినా, నడిపించినా, దానికి సాయపడినా రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. దీంట్లోకి పంతులుగారు వస్తారు, హాలు వాళ్ళని కూడా లాగొచ్చు. కానీ ఆ సెక్షన్లోనే ఒక మాట ఉంది, ఇది బాల్యవివాహం కాదని నమ్మడానికి నాకు కారణం ఉంది అని నిరూపించుకుంటే బయటపడొచ్చు. చూశారా, నేను పైన గీత అన్నది ఇలాంటిదే. అందుకని బావ అడ్వాన్సు తీసుకునే రోజే బుకింగ్ ఫారంలో ఇద్దరి పుట్టిన తేదీలు రాయించుకుని, టెన్త్ మెమోలు చూసి, పెద్దవాళ్ళ సంతకం పెట్టించుకుంటాడు. ముహూర్తం దగ్గర పడ్డాక అడిగితే గొడవలు, అడ్వాన్సు రోజైతే మర్యాదగా ఉంటది. ఒకసారి అమ్మాయి మెమో రేపిస్తాం, ఎల్లుండిస్తాం అని తిప్పారంట, బావ అడ్వాన్సు వెనక్కిచ్చేసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాడు.

ఇంక కాగితాలు దాచే పద్ధతి. చూసిన ప్రతి దాని జిరాక్సూ తీసుకుని కట్టలు కట్టొద్దు. ఒకసారి నేను లాడ్జి సెంటర్లో మిరపకాయ బజ్జీలు కొంటే పొట్లం ఎవరిదో ఆధార్ జిరాక్సు, ఫోటోతో సహా, నూనె కారుతూ. ఆ రోజు నుంచి జిరాక్సులు అడగడం మానేశా. కొనేవాళ్ళవైతే చూసి తిరిగిచ్చెయ్యాలి, ఏమీ దాచొద్దు. పన్లో పెట్టుకునేవాళ్ళకి మాత్రం ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టా, దాంట్లో ఒక లైను, పేరు, పుట్టిన తేదీ, ఏ కాగితం చూశాను, ఏ రోజు చూశాను, వాడి సంతకం, నా సంతకం. కాపీ తప్పదు అనుకుంటే దాని మీద అడ్డంగా ఫలానా కొట్లో ఉద్యోగం కోసం మాత్రమే అని తేదీతో రాయించండి, ఆధార్ అయితే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ కాపీ తీసుకోండి. 2023 డేటా చట్టం వచ్చాక అక్కర్లేని వివరాలు పోగేసి పెట్టుకోవడమే రేపు ఇంకో తలనొప్పి.

చివరగా తనిఖీకి వస్తే. కంగారుపడి పిల్లాణ్ణి వెనక గుమ్మంలోంచి పంపించొద్దు, చూసేవాళ్ళకి అదే సాక్ష్యం. వచ్చినవాళ్ళ ఐడీ కార్డు మర్యాదగా అడగండి సార్ అని, అది మన హక్కు. నోట్‌బుక్ ముందు పెట్టండి. నాకు తెలీదు సార్ అని మొదలుపెట్టొద్దు, నేను ఫలానా రోజు ఫలానా కాగితం చూశాను సార్ అని మొదలుపెట్టండి. వయసు మీద తేడా వస్తే, దగ్గర సర్టిఫికెట్ లేకపోతే, డాక్టరు దగ్గరికి పంపే పద్ధతి చట్టంలోనే ఉంది, అది రాతపూర్వకంగా అడగండి. పంచనామా మీద సంతకం పెట్టమంటే మొత్తం చదివాకే పెట్టండి, ఖాళీ గీతలు ఉంటే అడ్డంగా కొట్టేసి పెట్టండి, ఒక కాపీ ఫోన్లో ఫోటో తీసుకోండి. నేను ఆ రోజు చదవకుండా పెట్టేశా, ఇంటికొచ్చాక చూస్తే దాంట్లో కుర్రాడు రెండేళ్ళుగా పనిచేస్తున్నాడని ఉంది, వాడు చేరి నలభై రోజులే అయింది.